పంచుకొనవలసిన గడ్డ

మన ప్రాంతమున పూవునకు మర్యాద దాని కొలువును బట్టి కలుగుచుండును. జడకు మల్లె, దేవునికి మందారము, గడపకు బంతి, బతుకమ్మకు తంగేడును గునుగును అని ప్రతి పూవునకును ఒక పిలుపు, ఒక ఋతువు ఏర్పడియున్నవి. ఈ కొలువులలో దేనికిని ఒదుగని పూవు ఎంత సొగసైనదైనను దానిని పేరు పెట్టి అడుగువారు అరుదు. అట్టి కొలువు లేని పూలలో స్పైడర్ లిల్లీ ఒకటి. దండగా గ్రుచ్చబోయినచో దాని సన్నని రేకులు చేతి వేడికే సోలిపోవును. జడలో తురిమినచో నిలువదు. బతుకమ్మ వరుసలలో పేర్చుటకు కావలసిన గట్టిదనము దానికి లేదు, రంగును లేదు. ఐనను కాజీపేట నుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము వెంట, జమ్మికుంట మొదలుకొని మంచిర్యాల దాటువరకు ఏ ఊర దిగి చూచినను, కార్యాలయముల మెట్ల ప్రక్కను, పాఠశాలల జెండా గద్దె చుట్టును, రోడ్డును రెండుగా చీల్చు డివైడర్ల నడుమను దాని పొడవాటి పచ్చని ఆకుల గుబురులు తరచుగా కనబడుచుండును. ఎవరును అడుగని పూవు ఇన్ని చోట్లకు ఎట్లు చేరెను? సమాధానము సులభము: దానిని మేక తినదు.

మేక తినని మొక్క యనుట మన ఊళ్లలో చిన్న బిరుదు కాదు. పత్తి కాలమున మార్కెట్టు యార్డునకు ట్రాలీలు, ఆటోలు బారులు తీరి వచ్చు జమ్మికుంట వంటి పట్టణమున, మనుష్యులతో సమానముగా ఆవులును మేకలును వీధులలో స్వేచ్ఛగా సంచరించుచుండగా, గులాబీ నాటదలచినవాడు ముందుగా కంచె నాటవలెను, కంచె నాటినవాడు దానికి కావలి యుండవలెను. స్పైడర్ లిల్లీకి కంచె వలదు, కావలి వలదు, వేసవిలో నెల దినములు నీరు లేకున్నను ఆకు కొనలు మాడి నిలిచియుండును, వానకాలమున పది దినములు నీట మునిగినను కుళ్లదు. ఈ నిశ్చింతయే దానికి మేలును కీడును కూడ చేసినదని నా యభిప్రాయము. చావదు గనుక నాటుదురు. చావదు గనుకనే నాటిన పిదప తిరిగి చూడరు. చూడరు గనుక నేలలోని గడ్డలు ఒకదానినొకటి ఒరసికొని, గుంపు బిగిసి, పూయుట తగ్గిపోవును. పూయనిది గనుక దానిని పెరికి పారవైచి క్రొత్త గడ్డలను లారీల మీద తెప్పింతురు. ఈ చక్రమునకు ఎక్కడనో ఒకచోట అడ్డుకట్ట వేయవలెను.

ముందుగా మొక్క ఏదియో తేటపరచుకొందము. పూలంగడిలో లిల్లీ యని అడిగినవారికి పొట్లము కట్టి ఇచ్చునది నేల సంపెంగ. పెండ్లి దండలలో మనము చూచునది అదియే. దాని సంగతి ఇక్కడ ప్రస్తుతము కాదు. మనము చెప్పుకొనునది హైమెనోకాలిస్ లిట్టొరాలిస్ అను శాస్త్రనామము గలది. ఆ ప్రజాతికి 1812లో నామకరణము చేసినవాడు రిచర్డ్ సాలిస్‌బరీ అను ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త. దాని పుట్టినిల్లు మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా ఉత్తరభాగము వరకు గల సముద్రతీరములును చిత్తడి నేలలును. మన సముద్రతీరములకు సొంతమైన క్రైనమ్ అను మరియొక గడ్డజాతి మొక్కను కూడ కొందరు ఇదే పేరుతో పిలుచుచుందురు గాని, రెంటిని వేరు చేయుట కష్టము కాదు: క్రైనమ్ ఆకు మిక్కిలి వెడల్పుగా నుండును, మొక్క నడుము దాటి పెరుగును, దాని కేసరములు ఊదారంగు కాడలతో విడివిడిగా నిలిచియుండును, స్పైడర్ లిల్లీ కేసరములో, ఒక తెల్లని పొరతో కలుపబడి చిన్న గిన్నెగా ఏర్పడియుండును. ఆ గిన్నెను చూచిన పిదప గుర్తింపులో పొరపాటు జరుగదు.

ఆ గిన్నెను చూడవలసిన వేళ యొకటి కలదు. వేసవిలో పొద్దు వాలి, వాకిట నీళ్లు చల్లి, మంచములు బయటికి తెచ్చు సమయమున ఆకుల నడుమ నుండి మూరెడు పైకి లేచిన కాడను దగ్గరగా పరికింపుడు. ఆ కాడ గుండ్రముగా నుండక రెండు ప్రక్కల నొక్కినట్లుండును. దాని కొనను ఎనిమిదో తొమ్మిదో మొగ్గలు నిలువుగా నిక్కియుండి, వానిలో ఒకటి రెండు మాత్రమే ఆ రాత్రికి సిద్ధమై, లేత ఆకుపచ్చ పోయి పాలరంగునకు తిరిగియుండును. చూచుచుండగనే సన్నని రేకుల కొనలు ఒకటొకటిగా విడివడి, వెనుకకు జారి, క్రిందికి వంపు తిరుగును. నడుమ విచ్చుకొను గిన్నె కాగితము కంటె పలుచన. దాని వెనుక వ్రేలు పెట్టినచో వ్రేలి నీడ తెలియును. గిన్నె అంచు నుండి ఆరు కేసరములు పైకి లేచి, ఒక్కొక్కదాని కొనను నారింజరంగు పుప్పొడి అడ్డముగా ఊగుచుండును. పొరపాటున చొక్కా తగిలినచో ఆ మరక సులభముగా వదలదు. సువాసన అప్పటికి స్వల్పము. చీకటి ముదిరిన కొలది అది హెచ్చును. వెనిలా కలిపిన ఐస్‌క్రీము ఎరిగిన నేటి పిల్లలు ఆ వాసనను ఇట్టే పోల్చుకొందురు. ఈ తెలుపును ఈ పరిమళమును మనకొరకు కావు. రాత్రి వేళ తిరుగుచు, పొడవైన నాలుకతో గాలిలో నిలిచియే తేనె త్రాగు పెద్ద చిమ్మటల కొరకు. మరునాడు ఎండ ముదురునప్పటికి ఆ పూవు సోలిపోవును, సాయంకాలమునకు మరియొక మొగ్గ సిద్ధమగును, ఇట్లు ఒక్క కాడ వారము దినములకు పైగా కొలువు తీర్చును.

రాత్రి పూచి, నాలుగడుగుల దూరములో కూర్చున్నవానికి మాత్రమే తన గుణమును తెలుపగల ఇట్టి పూవును మనము నాటుచున్నది ఎక్కడ? బస్సులును వడ్ల లారీలును పోవు రోడ్డు నడుమ, డీజిలు పొగలో, ఏ మనుష్యుడును నిలుచుటకు వీలులేని రెండడుగుల మట్టి పట్టీలో. అక్కడ దాని పరిమళము ఎవరికిని అందదు. దాని పూవు హెడ్‌లైట్ల వెలుగులో క్షణకాలము మెరసి మాయమగును. పైగా పట్టీని చదునుగా కనబరుపవలెనను ఉత్సాహముతో కొన్నిచోట్ల ఆకులను కత్తెరతో సమముగా కత్తిరింతురు. గడ్డజాతి మొక్కకు ఆకే వంటయిల్లు, అక్కడ వండిన ఆహారమే గడ్డలో నిలువయై మరుసటి ఏడు పూవగును. ఆకును కత్తిరించి, పూవు లేదని దానినే నిందించుట న్యాయమా?

దీని వెనుక లెక్కల సంగతి కూడ కలదు. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించిన నాటి నుండి మన దేశమున మొక్కలు నాటుట ప్రభుత్వకార్యమైనది. 2015 జూలై 3న చిలుకూరులో ఆరంభమైన తెలంగాణకు హరితహారము 230 కోట్ల మొక్కలను లక్ష్యముగా పెట్టుకొని ఆ కార్యమును మన గల్లీల దాకా తెచ్చినది. 2019 నాటి పురపాలక చట్టము పట్టణముల బడ్జెట్టులో పదవ వంతును పచ్చదనమునకే కేటాయింపవలెనని, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని విధించినది. ఈ సంకల్పమును నేను తప్పు పట్టను. ఎండకాలమున ఉత్తర తెలంగాణమున 45 డిగ్రీల వేడిని అనుభవించినవాడెవ్వడును తప్పు పట్టడు. కాని నూటికి 85 బ్రతికితీరవలెనను నియమము పెట్టినచోట, ఎన్నడును చావని మొక్కపై అధికారులకు మక్కువ కలుగుట మానవసహజము. వేపను నాటినచో మూడేండ్లు సాకవలెను, మేకను తరుమవలెను, ట్యాంకరుతో నీళ్లు పోయవలెను. స్పైడర్ లిల్లీని నాటినచో ఫొటో తీసి ఇంటికి పోవచ్చును. మోకాలెత్తు గడ్డమొక్కను నీడనిచ్చు చెట్టుతో సమానముగా లెక్కకట్టు ఏ పద్ధతియైనను పచ్చదనమును పెంచుటకు బదులు పచ్చరంగును పెంచును. మే నెలలో యార్డులో బస్తాలు మోసి వచ్చిన హమాలీకి కావలసినది వేపనీడ, కానుగనీడ. ఆ నీడను స్పైడర్ లిల్లీ ఏ జన్మమునను ఇయ్యజాలదు. దాని స్థానము ఆ వేప పాదున, సగము ఎండ సగము నీడ పడుచోట, మనుష్యులు కూర్చుండు గద్దె ప్రక్కన. చెట్టునకు తోడుగా నాటినచో అది శోభ. చెట్టునకు బదులుగా నాటినచో అది సాకు.

కొనుగోలు సంగతి మరింత విచిత్రమైనది. గోదావరి యొడ్డున కడియము నర్సరీలవారు తరతరములుగా సంపాదించిన నేర్పుపై నాకు అపారమైన గౌరవము కలదు. అంటు మామిడిని, మేలుజాతి గులాబీని, క్రోటన్లను వారి వద్ద నుండి తెచ్చుకొనుట సమంజసమే. కాని స్పైడర్ లిల్లీని కొనుట, అందును ఏటేట కొనుట, పెరటిలో కరివేపచెట్టు ఉండగా అంగడిలో కరివేపాకు కొనుట వంటిది. ఒక గడ్డ చుట్టును పిలకలు వేయుట దాని స్వభావము. మూడేండ్లకు నాలుగు చొప్పుననే, అనగా మిక్కిలి పిసినారి లెక్కనే వేసికొందము: ఒక పార్కులో ఈ యేడు నూరు గడ్డలు నాటినచో మూడేండ్లకు నాలుగు వందలు, ఆరేండ్లకు పదునారు వందలు, తొమ్మిదేండ్లకు ఆరువేల నాలుగు వందలు. విడదీసి నాటు చేయి ఉండవలెనే గాని పట్టణమంతటికిని చాలు సొత్తు అక్కడనే మట్టిక్రింద పెరుగుచున్నది. విడదీయనిచో ఆ పిలకలన్నియు ఒకేచోట ఇరుకున పడి, ఆకులు మాత్రము దట్టముగా వేసి, పూయుట మానును. అనగా మనము ఖర్చు తగ్గించుకొను పనియు, మొక్క పూయుటకు చేయవలసిన పనియు ఒక్కటే. ఇంతటి సులభమైన బేరము ప్రభుత్వవ్యవహారములలో అరుదుగా దొరకును.

పల్లెటూరి ఆడువారు ఈ లెక్కను ఎవరును చెప్పకయే ఎరుగుదురు. తొలకరి పడిన మరునాడు గోడమీదుగా "పిలకలు మస్తుగ ఏసినయి వదినా, రెండు గడ్డలు తీస్కపో, మీ బోరు కాడ పెట్టుకో" అని పిలిచి ఇచ్చుట, తీసికొన్న ఆమె బదులుగా పసుపుకొమ్ములో కనకాంబరము నారో ఇచ్చి పోవుట మన వాడలలో నేటికిని జరుగుచునేయున్నది. బోరు కాడ పెట్టుకొమ్మనుటలో ఎంత వివేకమున్నదో గమనింపుడు. చిత్తడి నేలలో పుట్టిన మొక్కకు బోరు చుట్టు, గిన్నెలు కడుగు చోటు, స్నానాల నీరు మోరీలో కలియు దారి, ఇంకుడుగుంత అంచు, ఇవియే పుట్టినిండ్లు. సముద్రపు గాలికి అలవాటుపడినది గనుక మన బోరునీటి ఉప్పదనమునకు త్వరగా వెరవదు. ఇంటి ముందర ఊరకే నిలిచి దోమలను పెంచు నీటిని అది త్రాగి పూవుగా మార్చును.

నేలను గూర్చి రెండు మాటలు. జమ్మికుంట చుట్టుప్రక్కల రేగడి హెచ్చు, నడుమ నడుమ చెల్క భూములు కలవు. రేగడి వానకు జిగురై, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలలో వేళ్లు తెగి మొక్క నీరసించును. గుంత తీసిన మట్టిలో మూడవ వంతు మానేరు ఇసుకను, మరియొక వంతు బాగుగా మాగిన పశువుల ఎరువును కలిపినచో ఆ బాధ తగ్గును. చెల్కలో ఎరువు మాత్రమే చాలును. గడ్డను లోతుగా పాతిపెట్టరాదు. దాని మెడ నేలమట్టమునకు సరిగా నుండవలెను. గడ్డకు గడ్డకు నడుమ మూరెడు ఎడముంచినచో మూడేండ్ల వరకు ఇరుకు రాదు. యూరియా చల్లుట వలదు. ఆకు ఏపుగా పెరుగును, పూవు వెనుకబడును. పూర్తి నీడలో నాటినను ఇదే గతి.

ఇక దాని శత్రువును గూర్చి చెప్పవలెను, ఏలయన ఇక్కడనే మన పత్తిప్రాంతపు చేతి యలవాటు బయటపడును. వానలు కుదురుకొన్న పిదప ఒక ఉదయమున చూతుము గదా, నిన్నటివరకు నిగనిగలాడిన ఆకులు జల్లెడలై, నల్లని మేనిపై తెల్లని, ఎఱ్ఱని చుక్కలు గల పురుగులు గుంపులు గుంపులుగా వానిని నమలుచుండును. పాలిటెలా గ్లోరియోసే అని దాని పేరు. రెక్కపురుగైన పిదప అదియు మిక్కిలి అలంకారప్రియమే, నలుపుపై ఎఱుపు పసుపు చుక్కలు దిద్దుకొని తిరుగును. గ్లోరియోసా యనగా మన అడవినాభి. ఆదిలాబాదు, కరీంనగరు అడవులలో వానకాలమున మంటవలె ఎఱ్ఱగా పూచు తీగ. ఆ విషపు తీగను తిని, విషమును అరిగించుకొనుటకు అలవాటుపడిన ఈ మన దేశపు పురుగు, కుటుంబము వేరైనను విషమున తీసిపోని అమెరికా మొక్కను తోటలలో చూచి, ఇదియు తినదగినదే యని నిర్ణయించుకొన్నది. మేక విడిచిన దానిని పురుగు పట్టుకొన్నది. దాని మేనిపై ఆ కొట్టవచ్చు రంగులు పక్షులకు చేయు హెచ్చరిక.

పత్తి రైతు ఇంట పురుగు అను మాట వినబడినంతనే చేయి అటకమీది మందుడబ్బా వైపు పోవును. పోరాదు. మోనోక్రోటోఫాస్ వంటి మందును కూరగాయలపై వాడరాదని 2005 నుండియే నిషేధము కలదు. ఇంటి ముందరి లిల్లీకి రెండడుగుల దూరములో గోంగూర మడి, టమాట చెట్టు, మంచినీళ్ల బిందె, ఆడుకొను పసిబిడ్డ ఉండును. ఈ పురుగునకు అంతటి అస్త్రము అక్కరలేదు. ఆకు అడుగున గ్రుడ్లు గుంపుగా పెట్టును గనుక ఆ ఆకును తెంపి కాల్చివేసినచో సగము పని తీరును. పెద్దపురుగులు ఆకు కదలినంతనే చుట్టుకొని క్రింద పడును గనుక, తెల్లవారుజామున సబ్బునీళ్ల బకెట్టు క్రింద పట్టి ఆకులను తట్టినచో మిగిలిన సగము తీరును. చేతితో ముట్టుకొనుటకు వెరచువారు వేపగింజల కషాయమును ఐదు శాతము పాళ్లలో సాయంకాలము పిచికారి చేయవచ్చును. పురుగు మట్టిలో గూడు కట్టుకొనును గనుక గుబురు మొదట మట్టిని కొంచెము గుల్లచేసి ఎండనిచ్చుట మంచిది. ఆకులన్నియు పోయినను దిగులుపడనక్కరలేదు, గడ్డ క్షేమముగానున్నచో మరల చిగిర్చును. ఐతే ఆ యేటి పూలపై ఆశ వదలుకొనవలెను.

మేక ముట్టని ఆ విషమేమిటో కూడ తెలిసికొనదగును. ఈ మొక్కలో, ముఖ్యముగా గడ్డలో, లైకొరిన్ అను పదార్థము కలదు. తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును. గడ్డ చూచుటకు అచ్చముగా ఉల్లిగడ్డయే, పొరలును అట్లే విడును. తవ్వి తెచ్చి వంటింటి మూల పెట్టినచో అత్తగారు తరిగి పోపులో వేయరని ఎవరు చెప్పగలరు? విషమే ఒకప్పుడు ఔషధమునకు దారి చూపును. హవాయి దీవులలో సేకరించిన ఈ గడ్డల నుండి 1984లో జార్జి పెటిట్ అను అమెరికా రసాయనశాస్త్రవేత్త బృందము పాంక్రటిస్టాటిన్ అను పదార్థమును వెలువరించెను. ప్రయోగశాలలో అది క్యాన్సరు కణములను నశింపజేయుట చూచి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి. గడ్డలో అది అతిస్వల్పముగా నుండుటయు, నీటిలో సరిగా కరగకపోవుటయు అడ్డుపడుటచే నేటికిని అది మందుగా అంగడికి రాలేదు. కనుక పెరటి గడ్డతో క్యాన్సరు నయమగునని ఫోనులలో తిరుగు సందేశము చూచినవారు దానిని మరియొకరికి పంపకుండుట లోకోపకారము.

కొలువు లేని పూవునకు కొలువు కల్పించిన జాతులు కలవు. జపానువారు ఎఱ్ఱని స్పైడర్ లిల్లీని, లైకోరిస్ రేడియేటా యను వేరొక మొక్కను, వరిమళ్ల గట్లపైనను శ్మశానముల అంచునను నాటుకొనిరి. గడ్డలోని విషమునకు వెరచి నేలను త్రవ్వు ఎలుకలు మున్నగునవి అటు రావని వారి నమ్మకము. కరవు కాలమున ఆ గడ్డలనే దంచి, మరల మరల నీట కడిగి, విషము పోగొట్టి తిని ప్రాణములు నిలుపుకొనిరి. శరద్విషువత్తు నాటికి పూయు ఆ పూవు వారికి పితృదినములకు గుర్తు. మరియొక ప్రక్క అమెరికాలోని అలబామాలో, కహాబా నది ప్రవాహము నడుమ రాతిపగుళ్లలో పూచు హైమెనోకాలిస్ జాతి లిల్లీ కొరకు వెస్ట్ బ్లాక్టన్ అను చిన్న ఊరు ఏటేట మే నెలలో పండుగ చేయును. ఆ పండుగకు పోయినవారు పూలను కోసికొని రారు, నదిలోనికి దిగి చూచి వత్తురు.

జపాను ఎఱ్ఱపూవును బొమ్మల సినిమాలలో చూచి మన యువకులు ఈ నడుమ ఆన్‌లైనులో గడ్డలు తెప్పించుకొనుచున్నారు. చలికాలపు చల్లదనమును కోరు ఆ మొక్క మన ఎండలకు ఓర్చి పూచునని నేను హామీ ఇయ్యలేను. ఎఱ్ఱని పూవే కావలెనన్నచో మే నెలలో ఆకు లేకుండ బంతివలె పూచు ఫుట్‌బాల్ లిల్లీ మన నేలకు బాగుగా అలవడినది, దానిని నాటుకొనవచ్చును. తెల్లని పూలే కావలెనన్నను విదేశీయమొక్కటే దిక్కు కాదు: మన వాగుల యొడ్డున బురదలో పూచు మరియొక క్రైనమ్ జాతి కలదు, తొలకరికి దక్కను కొండలపై నేలను చీల్చుకొని వచ్చు పాంక్రేషియం కలదు. రెండును స్పైడర్ లిల్లీకి దగ్గరి చుట్టములే. వానిని అడవిలో నుండి పెరికి తెచ్చుట తగదు గాని, వ్యవసాయ విజ్ఞానకేంద్రములును ఉద్యానశాఖవారును విత్తనములతో పెంచి పార్కులకు ఇచ్చు ఆలోచన చేసినచో, ఇంతకాలముగా ఒక్క అమెరికా గడ్డనే చూచుచున్న మన కన్నులకు కొంత మార్పు కలుగును.

నేను కోరునది పెద్ద పథకము కాదు. ప్రతి పట్టణమునందును పచ్చదనపు పద్దులో కొన్న మొక్కల లెక్క ప్రక్కన విడదీసిన మొక్కల లెక్కకు ఒక గడి గీయవలెను. నీడ చెట్ల లెక్కను, గడ్డమొక్కల లెక్కను కలిపి చూపరాదు. జూన్ నెల చివర, రెండు మంచి వానలు పడిన తరువాత, పార్కులలో మూడేండ్లు దాటిన గుబురులను గడ్డపారతో లేపి, పిలకలను వేరు చేసి, సగము అక్కడనే మూరెడు ఎడమున నాటి, మిగిలిన సగమును వచ్చినవారికి వచ్చినన్ని ఉచితముగా ఇయ్యవలెను. దీనికి టెండరు వలదు, ప్రారంభోత్సవము వలదు, ఇద్దరు తోటపనివారును ఒక ట్రాలీయును చాలును. డివైడరులలోని గడ్డలను కూడ క్రమముగా లేపి, బస్టాండు బెంచీల వెనుకకు, ఆసుపత్రి వరండాల ముందరకు, పాఠశాలల చేతులు కడుగు కుళాయిల ప్రక్కకు చేర్చవలెను. ఇంటికి తీసికొనిపోవువారి చేతిలో గడ్డతోపాటు ఒక చీటీ పెట్టవలెను. అందులో పెద్ద అక్షరములతో రెండే వాక్యములు చాలును: మెడ నేలమట్టమునకు సరిగా ఉండునట్లు నాటుడు. ఇది ఉల్లిగడ్డ కాదు, వంటింట పెట్టకుడు.